హెర్‌ఫర్డు మఠాధిపతి ఎలిసబెతు

జర్మనీదేశమున వెస్ట్‌ఫేలియా సీమలోని హెర్‌ఫర్డు పట్టణమునకు మేము పోయి, మున్‌స్టరు ప్రార్థనామందిరమున ఎలిసబెతు రాకుమారి సమాధిని దర్శించితిమి.

1618లో హైడెల్‌బర్గున జన్మించిన యీమె, తండ్రి రాజ్యము కోలుపోగా ప్రవాసమున పెరిగెను. పోలెండు రాజును వరించుటకు మతము మార్చుకొనవలసివచ్చుటచే ఆ పెండ్లినే కాదనెను. రూపములేని యాత్మ శరీరము నెట్లు కదలించునని 1643లో తత్త్వవేత్త డెకార్టును ప్రశ్నించెను. ఆయన యామెకు తృప్తి కలుగునట్లు బదులు చెప్పజాలకపోయెను. అయినను మరుసటి యేట తన గ్రంథము నామెకే యంకితమొసగెను.

1667లో ఇచటి స్త్రీల మఠమునకు అధిపతియై, దాని చిన్న సీమను తానే పాలించెను. 1670లో ఆమ్‌స్టర్‌డాము విడిచివచ్చిన లబాడీ శిష్యులకును, వారిలోని విదుషి అన్నా మరియా ఫాన్ షూర్మనునకును, పట్టణపు పెద్దలు వలదన్నను ఆశ్రయమొసగెను. 1680లో ఇచటనే కన్నుమూసెను.

సోదరీమణులారా! నిలువనీడ కోలుపోయిన బాలిక పెరిగి పెద్దదై పరులకు నీడయగుట మా మనస్సున నాటుకొన్నది.