లంకెబిందెలు, అయిదో వంతు

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల మీదుగా రాచకొండ గుట్టల వైపు పోతుంటే, బండి ఎక్కడ ఆపినా ఒక ప్రశ్న తప్పదు. ఈమధ్య మేకలు కాసే పెద్దాయన ఒకరు నా కెమెరా వైపు చూసి, “ఏం బిడ్డా, లంకెబిందెలకొచ్చిన్రా?” అన్నాడు. కాదు తాతా, పాత రాళ్లు చూడ్డానికొచ్చాం అంటే నవ్వాడు. “అందరూ గట్లనే అంటరు.”

ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. రాజధాని అంటే ఖజానా, ఖజానా అంటే ఎక్కడో ఒకచోట పాతిపెట్టే ఉంటారు. ఈ లెక్క ఊరూరా ఉంది. అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఇప్పుడైతే మెటల్ డిటెక్టర్ కూడా. తెల్లారేసరికి నంది పక్కకి ఒరిగి ఉంటుంది, లింగం పెకలించి ఉంటుంది. విగ్రహ ప్రతిష్ఠప్పుడు కింద యంత్రంతో పాటు కొంచెం బంగారమో, రత్నాల ముక్కలో పెట్టే ఆచారం నిజంగానే ఉంది. ఆ చిటికెడు నిజం జనం నోళ్లలో పడి బిందెలకు బిందెలైంది.

చదువుకున్నవాళ్లం ఇక్కడ సులువుగా ఒక గీత గీసేస్తాం. అటువైపు దొంగలు, ఇటువైపు పండితులు. కానీ ఆ గీతను ప్రభుత్వాలే దాటాయి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో, ఒక సాధువుకి వెయ్యి టన్నుల బంగారం కలలో కనిపించిందన్నాక, సాక్షాత్తూ భారత పురావస్తు శాఖే పలుగు పట్టింది. 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. మొదటిచోట పెంకులు, గోడలు బయటపడ్డాయి. రెండోచోట ఎముకలు. “ఏమీ దొరకలేదట” అని మనం నవ్వుకున్నాం. ఆలోచిస్తే, పురావస్తు పరిశోధకుడు మామూలుగా వెతికేది ఆ పెంకుల్నీ గోడల్నీ ఎముకల్నే కదా!

తవ్వడం మటుకు ఇద్దరిదీ ఒకటే పని. ఇంకో మాట, పాడుచేయడం కూడా ఇద్దరూ చేస్తారు. ఒకసారి తవ్విన మట్టిని మళ్లీ తవ్వలేం. అందుకే పరిశోధకుడు పొర పొరకీ ఆగి కొలుస్తాడు, బొమ్మ గీస్తాడు, రాసుకుంటాడు. నిధి వేటగాడికి వస్తువు కావాలి. పరిశోధకుడికి ఆ వస్తువు ఏ పొరలో, దేని పక్కన ఉందో కావాలి. ఆ చోటు చెరిగిపోతే కుండ ఉత్త కుండే.

దీనికి డిగ్రీ అక్కర్లేదని కోటిలింగాల కథ చెబుతుంది. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో పాత నాణేలు దొరికేవి. సంగనభట్ల నరహరి అనే స్థానికుడు వాటిని ఓపిగ్గా ఏరి, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దాకా చేర్చారు. పురాణాల్లో ఎక్కడా లేని గోభద, సమగోప లాంటి రాజుల పేర్లు వాటి మీద కనిపించాయి. తెలంగాణ తొలి చరిత్రను అక్కణ్నుంచి కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. బంగారం కోసం వచ్చినవాడి చేతికి అవే నాణేలు చిక్కి ఉంటే కరిగించడానికి కూడా పనికిరావని విసిరేసేవాడు.

మరి ఊళ్లో ఎవరికైనా ఏదైనా దొరికితే ఎందుకు చెప్పరు? చట్టం ఉంది, 1878 నాటిది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. చెప్పకపోతే జైలు. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాడికి, భూమి యజమానికి వాటాలుంటాయి. అయితే ఆ వస్తువును ప్రభుత్వం తీసుకోదలిస్తే ఎంతివ్వాలి? అందులోని లోహం, రాయి విలువ, దాని మీద అయిదో వంతు. అంటే వెయ్యేళ్ల చరిత్రకి చట్టం కట్టిన ధర ఇరవై శాతం! సీసపు నాణెం దొరికిన రైతుకి ఈ లెక్కన ఎంతొస్తుంది? దానికోసం పోలీసులు, తహసీల్దారు, పేపరువాళ్లు ఇంటిముందు నిలబడాలా?

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. జేసీబీ ఎవరి కోసమూ ఆగి రాసుకోదు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్ల రాళ్లే. అమావాస్య వేటగాళ్లు రాత్రికి ఒక గుంత తవ్వితే, పట్టపగలు ఎకరాలకెకరాలు చదునైపోతున్నాయి. అక్కడ ఎవరూ నిధి కోసం వెతకడం లేదు, అయినా చెరిగిపోయేది అదే చోటు.

మేకల తాతకి అక్కడ ఏ గుండు మీద గీతలున్నాయో, ఏ మడిలో నల్ల పెంకులు తేలతాయో నాకంటే బాగా తెలుసు. దాచుకోవడం కంటే చెప్పడమే లాభమని ఆయనకి నమ్మకం కలిగితే, మనకి దొరికే నిధి అదే. ఇప్పటికైతే ఆ నమ్మకం కలిగించే పని మనలో ఎవరమూ చేయలేదు.