అర్ధరాత్రి మెలకువా? అయితే పొద్దున్నే కేబీఆర్ పార్క్‌కి పదండి!

సమ్మర్ వస్తే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో ఓ సీన్ కామన్. రాత్రి రెండింటికి ఊరంతా పడుకుంటే ఒక్క ఫ్లాట్‌లో మాత్రం లైట్లు వెలుగుతుంటాయి. అమెరికా నుంచి మనవలు దిగారన్నమాట!

మా ఇంటికీ డల్లాస్ నుంచి అక్క పిల్లలు వస్తారు. వాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. ఉండేది మూడు వారాలు. అందులో ఒక వారం జెట్ లాగ్‌కే పోతే, ఏడాదంతా ఎదురుచూసిన అమ్మమ్మకి మిగిలేది రెండే వారాలు. అందుకే మా ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోం.

ఒంట్లో గడియారం

వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 2 అయితే వాళ్ల ఒంటికి మధ్యాహ్నం 3.30, అంటే ఆటల టైమ్. ఇక్కడ మధ్యాహ్నం 2 అయితే వాళ్లకి తెల్లవారుజాము 3.30. సరిగ్గా మనం బంధువులందర్నీ భోజనానికి పిలిచే టైమ్! పప్పన్నం ముద్ద నోట్లో ఉండగానే పిల్ల తూగుతుంటే అది మారాం కాదు, దానికది నడిరాత్రి.

ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో తేల్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు. అది రోజుకి సుమారు ఒక గంట చొప్పునే జరుగుతుంది. దాన్ని జరపడానికి మన చేతిలో ఉన్న పెద్ద సాధనం వెలుతురు. పగలు ఎండ, రాత్రి చీకటి. అంతే ఫార్ములా.

మన ఏరియాలోనే మందు

తెల్లారగానే పిల్లల్ని కేబీఆర్ పార్క్‌కి తీసుకెళ్లండి. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు మీదున్న ఈ నేషనల్ పార్క్ నగరం నడిబొడ్డున 350 ఎకరాలకు పైనే ఉంటుంది. నెమలి కనిపిస్తే చాలు, పిల్లల నిద్రమత్తు వదిలిపోతుంది. అక్కణ్నుంచి పెద్దమ్మ గుడి, తర్వాత వేడి ఇడ్లీ. తొమ్మిదయ్యేసరికి మూడు గంటల వెలుతురు పడినట్టే.

మధ్యాహ్నం కునుకు ఒక్క గంట. 'పాపం, పడుకోనీరా' అని అమ్మమ్మ అడ్డుపడుతుంది. అయినా లేపాల్సిందే.

అసలు పరీక్ష సాయంత్రం. ఎనిమిది దాకా మేలుకుని ఉండాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కించి రాయదుర్గం దాకా తిప్పుకు రండి. పై నుంచి కొండలు, బండరాళ్లు, గ్లాస్ బిల్డింగులు చూస్తూ పిల్లలు నిద్ర మర్చిపోతారు. మావాడికైతే ఫిల్మ్‌నగర్ నడకే ఇష్టం. ప్రతి పెద్ద గేటు దగ్గరా ఆగి 'మావయ్యా, ఇది ఏ హీరో ఇల్లు?' అంటాడు. నాకు తెలీదు కానీ నడక మాత్రం అయిపోతుంది.

రాత్రి డ్యూటీ అమ్మమ్మది

ఎంత చేసినా మొదటి మూడు నాలుగు రాత్రులు మెలకువ తప్పదు. అప్పుడు ఫోన్, టీవీ వద్దు. లైట్ వేయొద్దు. ఆకలంటే కాస్త పెరుగన్నం. ఆ తర్వాత చీకట్లోనే కథ.

ఆ డ్యూటీ మా అమ్మకి అప్పజెప్పాం. పగలు ఇంటినిండా జనం ఉంటే మా మేనకోడలు తెలుగులో నోరు విప్పదు. రాత్రి మూడింటికి మాత్రం అమ్మమ్మ పక్కలో పడుకుని, వచ్చీరాని తెలుగులోనే వంద ప్రశ్నలు వేస్తుంది. నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు కదా!

మెలటోనిన్ గమ్మీలు మాత్రం పిల్లల డాక్టర్ని అడక్కుండా ఇవ్వకండి. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క కాబట్టి, స్కూల్ తెరవడానికి వారం ముందే అక్కడ దిగేలా టికెట్లు చూసుకోండి.

ఇక బంధువులకు ఒక్క మాట. మొదటి నాలుగు రోజులు లంచ్‌కి పిలవకండి. పొద్దున్న టిఫిన్‌కి పిలవండి. పిల్లలు మేలుకుని ఉంటారు, మీతో మాట్లాడతారు.