ఆదవాని కొండరాళ్లు

మొన్నటి శీతకాలమున మేము ఎమ్మిగనూరులో నేతచీరలు కొనుక్కొని ఆదవాని కోటను చూడబోయితిమి. త్రోవ పొడుగునను నల్లరేగడి చేలే. ఊరు సమీపించుసరికి, బండపై బండ పేర్చినట్లు కొండలు కనబడినవి. మాతో వచ్చిన చిన్నది "వీనిని ఎవరు పేర్చిరి?" అని యడిగినది.

సోదరీమణులారా! వీని నెవ్వరును పేర్చలేదు. ఇది గ్రానైటురాయి. సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారగా నేర్పడినది. పైనున్న బరువు కాలక్రమమున తొలగిపోగా రాయి నిలువునను అడ్డమునను బీటలు వారినది. ఆ బీటలలో వాననీరు దిగినది. బండ ముఖమునకు నీరు ఒకవైపుననే తగులును. మూలకు మూడువైపుల తగులును. కావుననే మూలలు ముందుగా నరిగి బండలు గుండ్లయినవి. మెత్తబడిన మన్ను కొట్టుకొనిపోయి గుండ్లు మిగిలినవి.

రాతిని దగ్గరగా చూచినచో మూడువిధములగు పలుకులు కనబడును. తెలుపు, గులాబి రంగులవి నీటికి క్రమముగా బంకమన్నగును. తళతళలాడునది అభ్రకము. గాజుముక్కవంటిది పలుగురాయి, అది యెన్ని వానలకును చెక్కుచెదరదు.

ఈ గుండ్ల నడుమ గోడలు కట్టియే పూర్వులు కోటను బలపరచిరి. విజయనగర రాజుల యనంతరము 1568లో బిజాపురము సుల్తానులును, 1786లో టిప్పుసుల్తానును దీనిని గైకొనిరి. 17వ శతాబ్దమున సిద్ది మసూద్ ఖాన్ ఇచట జామియా మసీదును కట్టించెను. రాతిని చీల్చు పాతపద్ధతి సులభమైనదే: వరుసగా రంధ్రములు తొలిచి, ఇనుపచీలలు దిగగొట్టినచో, ఆ గీత వెంబడి రాయి పగులును.

దిగివచ్చునప్పుడు త్రోవప్రక్కన రాళ్లు కొట్టుచున్న యొక వడ్డెర స్త్రీతో మాటలాడితిమి. "రాయి మాకు కూడు పెడతాది తల్లీ. దుమ్మే మా మొగోళ్ల రొమ్ములో కూకుంటాది" అన్నది. ఆమె భర్త దగ్గుతో మంచము పట్టి రెండేండ్లయినదట.

ఆ మాటతో మాకు పలుగురాయి జ్ఞప్తికి వచ్చినది. కోట్ల సంవత్సరముల వానకు కరగని యా రాయి, సన్నని ధూళియై ఊపిరితిత్తులలో జేరినచో నచటను కరగదు. తిత్తులు మచ్చలు పడి గట్టిపడును. దీనిని సిలికోసిస్ అందురు. మానుప మందు లేదు. నివారణ మాత్రము కలదు. రాతిని తడుపుచు పనిచేసినచో దుమ్ము చాలవరకు అణగును. ముక్కునకు కట్టిన పైటకొంగు ఆ సన్నని ధూళిని ఆపజాలదు.

మన యింటి రోలు, తిరగలి, గడపరాయి ఇట్టివారి చేతులమీదుగా వచ్చినవే. ఇకమీద మన వాకిట రాయి కొట్టించునప్పుడు, కూలితోపాటు ఒక కడవెడు నీళ్లుకూడ ముందుగా నుంచుదము.