కిటికీ మూసిన రాత్రి

సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా జేజికి అన్నం పెట్టిన సంగతే చెప్పేదాన్ని. కిటికీ మూసిన సంగతి దాచేదాన్ని. ఇప్పుడు రెండూ చెబుతాను.

మాది ఆత్మకూరు. ఇప్పుడు నంద్యాల జిల్లా, 2020లో కర్నూలు జిల్లా. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా ఆయనకు షుగరు. మా గోడకు ఆనుకుని ఒక ముస్లిం కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దామెను వీధంతా జేజి అనే పిలుస్తాం. రంజాన్‌కు వాళ్ళ సేమ్యా, క్రిస్మస్‌కు మా కజ్జికాయలు ఆ గోడ మీదుగానే పోయేవి.

లాక్‌డౌన్ పడిన మార్చిలో జేజి కొడుకు ఢిల్లీ నుంచి వచ్చాడు. ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి అంబులెన్సు వచ్చి ఇంటిల్లిపాదినీ క్వారంటైన్‌కు తీసుకెళ్ళింది. వీధికి రెండు పక్కలా కర్రలు కట్టి బ్లీచింగ్ చల్లారు. నెలాఖరుకు రాష్ట్రంలో అన్ని జిల్లాలకంటే ఎక్కువ కరోనా కేసులు మా జిల్లావే. నా భయం రోగం మీద నుంచి మనుషుల మీదికి ఎప్పుడు మళ్ళిందో నాకే తెలియలేదు. రోగం ముస్లింలే తెచ్చారన్న మాట ఫోన్లో వస్తే నేనూ నలుగురికి పంపాను.

తీసుకెళ్ళిన వారానికి, నెగటివ్ వచ్చిందని జేజినొక్కదాన్నే తెచ్చి ఇంట్లో దింపారు. ఆ రాత్రే గోడ అవతల నుంచి “అమ్మా, రవ్వన్ని నీళ్ళియ్యి” అని వినబడింది. లేచి కిటికీ మూశాను. నిద్ర పట్టిందా అంటే, పట్టింది. ఇప్పటికీ నన్ను కోసేది అదే.

తెల్లారితే ఈస్టరు, ఏప్రిల్ 12. చర్చి మూత, ఫోన్లోనే ఆరాధన. యేసు లేచిన ఆదివారం శిష్యులు భయంతో తలుపులు మూసుకుని కూర్చున్న సంగతి పాస్టరు గారు చెబుతుంటే నేను మా కిటికీ వంక చూడలేకపోయాను. బిందెడు నీళ్ళు, అన్నం, పప్పు తీసుకెళ్ళి జేజి గడప మీద పెట్టి పరుగున వచ్చేశాను. ప్రేమతో కాదు, సిగ్గుతో పెట్టాను. “దూరంగానే ఉండు తల్లీ, పిల్లోళ్ళు గలదానివి” అంది లోపలి నుంచి.

నాలుగో రోజు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. పిలిస్తే పలకలేదు. మూతికి కొంగు చుట్టుకుని వణుకుతూనే లోపలికి వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది. తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించాను. నా భయం పోయింది అప్పుడే, ఆమెను పట్టుకున్నాక. అంతకు ముందు కాదు.

మళ్ళీ పరీక్ష చేస్తే నెగటివే, మామూలు జ్వరం. అయినా మా ఆయన నన్ను వారం రోజులు వసారాలో పడుకోబెట్టాడు. తప్పు పట్టను, షుగరు మనిషి. వీధి కుళాయి దగ్గర మాత్రం నా బిందెను కాలితో పక్కకు జరిపారు. కుట్టమని ఇచ్చిన జాకెట్లు వెనక్కి తీసుకున్నారు. గోడ అవతల ఉండడమంటే ఏమిటో ఆ వారంలో తెలిసింది.

రంజాన్ నెల మొదలయ్యేసరికి కొడుకూ కోడలూ తిరిగొచ్చారు. ఫోన్లో నేను పంపిన మాట సంగతి చెప్పి క్షమించమని అడిగాను. కొడుకు ఏమీ అనలేదు. చాలా నెలలు సరిగా మాట్లాడలేదు కూడా.

2022 జనవరిలో మసీదు కట్టడం విషయంగా ఊళ్ళో గొడవ జరిగి పోలీసులు దిగారు. ఆ రాత్రి కోడలు పిల్లలిద్దరినీ తెచ్చి మా ఇంట్లో పడుకోబెట్టుకోమంది. వెనకాలే ఆ కొడుకు దుప్పట్లు పట్టుకొచ్చాడు.