గడప దాటని సమాచారం

దువ్వూరులోని మా ఇంట్లో అమ్మ తహజ్జుద్‌కు లేస్తే చాలు, ఆమె కదలికను పసిగట్టి వుజూ చేసే చోట దీపం వెలుగుతుంది. అబ్బాయి కంప్యూటరుకు తగిలించిన బొటనవేలంత యూఎస్‌బీ పరికరం జిగ్‌బీ పద్ధతిలో, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపైనే, దీపానికి ఆజ్ఞ అందిస్తుంది. ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. కరెంటు పోతే మాత్రం మళ్లీ పాత టార్చిలైటే!

నేను ఒప్పుకున్న కారణం వేరు. చాలా స్మార్ట్ పరికరాలలో మన ఆదేశం కంపెనీ సర్వరుకు వెళ్లి వస్తుంది. ఇంట్లో ఎవరు ఎప్పుడు లేచారో అక్కడ నమోదు కావచ్చు. దీనిని నడిపే ప్రోగ్రాం మా కంప్యూటరులోనే ఉంది గనుక ఆ సమాచారం గడప దాటదు. అనుమతి పొందనిదే ఇతరుల ఇళ్లలో ప్రవేశించరాదని అన్‌నూర్ సూరా 27వ ఆయతు ఆదేశిస్తోంది; ఆరాలు తీయడాన్ని అల్‌హుజురాత్ సూరా 12వ ఆయతు నిషేధించింది.

ఇప్పుడు వాకిట కెమెరా పెడదామంటున్నాడు. ఎదురింటి గుమ్మం అందులో కనిపించకూడదన్నాను. ఎటు తిప్పాలో ఇంకా తేలలేదు.