ఇచ్చిపుచ్చుకొనుట

మన తెలుగుభాషలో 'ఇచ్చిపుచ్చుకొనుట' అను చక్కని మాట యొకటి కలదు. ఇచ్చుట, పుచ్చుకొనుట అను రెండు పనులను మన పూర్వులు ఒక్క ముడిగా వేసిరి. "వారికిని మాకును ఇచ్చిపుచ్చుకొనుటలు కలవు" అన్నచో, ఆ రెండు కుటుంబముల నడుమ అరమరికలు లేవని అర్థము. కాని బడిలో మనము నేర్చునది ఈ మాటలో మొదటి సగమే. శిబిని, కర్ణుని, రంతిదేవుని మెచ్చుకొందుము. పుచ్చుకొనుట ఎట్లో మాత్రము మనకెవ్వరును చెప్పరు. అది చిన్నతనమని తలంతుము. నేనును అట్లే తలచితిని. ఆ తలపు తప్పని నాకు నేర్పినది అక్షరము ముక్క రాని ఒక వృద్ధురాలు.

మాది కోనసీమలో గోదావరి పాయల నడుమనున్న ఒక లంకగ్రామము. మా తండ్రిగారు అక్కడి చిన్న గుడిలో అర్చకులు. మా ఊరిలో ఉన్నత పాఠశాల లేదు. అందుచేత 1974లో నన్ను ఎనిమిదవ తరగతి చదువుటకు అమలాపురము తీసికొనిపోయిరి. పడుకొనుటకు దూరపు బంధువుల వీధి అరుగు దొరకినది. భోజనమునకు వారములు కుదుర్చుకొనవలసి వచ్చెను.

వారములనగా నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. బీదవిద్యార్థి ఏడు దినములకు ఏడు ఇండ్లు ఏర్పరచుకొని, దినమునకొక ఇంట భోజనము చేయుచు చదువుకొనెడివాడు. దీనినే వారములు చేసికొనుట యందురు. వసతిగృహములు అరుదుగా నున్న కాలమున ఈ ఆచారము వలన ఎందరో బాలురు చదువుకొని పైకి వచ్చిరి. నా నాటికి అది అంతరించుచుండెను. మా తండ్రిగారు నాలుగు దినములు వీధులన్నియు తిరిగి ఆరు ఇండ్లు కుదిర్చిరి. గురువారమునకు ఇల్లు దొరకలేదు. "ఒక్క దినము పస్తుండిన నష్టము లేదులెండి, నాన్నగారూ" అని నేనంటిని. ఆ మాట ప్రక్క వాకిట అప్పడములు ఎండబెట్టుచున్న ఒక మామ్మగారి చెవిని పడెను.

"పసివాడు పస్తుండుట ఏమిటి? గురువారము నాకీయండి" అనిరి ఆమె.

అన్నము పెట్టువారు ఆమె. అయినను "నాకీయండి" అని అడిగిరి. ఆ మాటలోని విశేషము నాకప్పుడు బోధపడలేదు.

తక్కిన ఆరు ఇండ్లవారును మంచివారే. ఎవ్వరును నన్ను చిన్నచూపు చూడలేదు. చిన్నచూపు నా మనస్సులోనే యుండెను. తల వంచుకొని కూర్చొనెడివాడను. ఆకలి తీరకయే "చాలు, చాలు" అని చేయి అడ్డము పెట్టెడివాడను. పెట్టుచున్నవారి ముఖమును చూచుటకు సిగ్గు. ఎవరి ఇంట ఏమి తింటినో లెక్క వ్రాసికొని, పెద్దవాడనైన పిదప అణాపైసలతో తీర్చివేయవలెనని నా సంకల్పము. అన్నమును అప్పుగా తినుచుంటిని గనుక అది నా ఒంటికి పట్టలేదు.

మామ్మగారి ఇల్లు ఒక పెంకుటింటి వెనుక గది. ఆమెకు భర్త లేరు, బిడ్డలు లేరు. మినపపిండి కలిపి, రోకటితో దంచి, అప్పడములు ఒత్తి అమ్ముకొని జీవించుచుండిరి. గురువారము నాడు ఆ గది అలికి ముగ్గు పెట్టియుండెడిది. అన్నము, కందిపచ్చడి, చారు, చివర మజ్జిగ. మా బడిగంట మ్రోగగానే ఆమె గుమ్మములో నిలిచి నా కొరకు ఎదురు చూచెడివారు.

ఒక గురువారము భోజనము చేసి బడికి పోవుచు, నా తెలుగు వాచకము పీట ప్రక్కనే మరచితినని జ్ఞప్తికి వచ్చి వెనుకకు పరుగెత్తితిని. అన్నపు గిన్నె కడిగి బోర్లించి యుండెను. మామ్మగారు గోడకు చేరగిలి పలుచని మజ్జిగ ఒక గ్లాసెడు త్రాగుచుండిరి. నన్ను చూచి తొట్రుపడి, "నేడు నాకు ఉపవాసమురా" అనిరి. అది ఏకాదశి కాదు. ఏ పండుగయు కాదు. ఆమె దినమునకు ఒక్క పూటయే భుజింతురని నేనెరుగుదును. ఆ ఒక్క పూట అన్నమును నేను తినివేసితినని గ్రహించితిని. పుస్తకము తీసికొని మాటాడక వచ్చివేసితిని.

మరుసటి వారము ఆమె వద్దకు పోయి, "మామ్మగారూ, గురువారమునకు వేరొక పెద్ద ఇల్లు కుదిరినది. ఇక మీకు శ్రమ అక్కరలేదు" అని అబద్ధమాడితిని. ఆమె ఒక్క నిమిషము నన్ను చూచి, "మంచిది నాయనా, కడుపునిండ తినుము" అనిరి. మూడు గురువారములు పిడికెడు మరమరాలు తిని, మంచినీళ్లు త్రాగి గడిపితిని. కడుపు కాలుచున్నను నా మనస్సు పొంగిపోవుచుండెను. గొప్ప త్యాగము చేయుచుంటినని, నేనును ఒక చిన్న రంతిదేవుడనని అనుకొంటిని.

నాలుగవ గురువారము మధ్యాహ్నము కాలువగట్టున చెట్టునీడను కూర్చొనియుంటిని. ఎండలో మామ్మగారు చేతిలో ఒక గిన్నె పట్టుకొని, దానిపై విస్తరాకు మూతపెట్టి, నెమ్మదిగా నడచి వచ్చుచుండిరి. నేను లేచి నిలిచితిని.

"వేరొక ఇల్లు కుదిరినదంటివి. ఆ ఇల్లు ఈ చెట్టేనా?" అని అడిగిరి.

నేను తల వంచుకొంటిని. చివరకు, "మీకే లేనప్పుడు మీరు నాకు పెట్టుచున్నారు, మామ్మగారూ. నేను చూచితిని" అంటిని.

ఆమెకు కోపము వచ్చును అనుకొంటిని. కన్నీరు వచ్చెను. "నాకు లేదని నీకెవ్వరు చెప్పిరిరా? ఆరు దినములు నా పొయ్యి నా ఒక్కదాని కొరకు వెలుగును. గురువారము ఒక్కటే నేను ఇంకొకరి కొరకు వండుదును. బుధవారము సాయంకాలము నుండియే రేపు పిల్లవాడు వచ్చునని అనుకొందును. ఆ దినము నేను ఇల్లున్నదానను, పిల్లలున్నదానను. నీవు మంచి చేయుచుంటినని ఆ గురువారమును నా నుండి తీసికొనిపోయితివి. ఈ మూడు వారములుగా నేను నిజముగా బీదదాననైతిని."

నేను మారు పలుకలేకపోతిని. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, ఈసారి కొంచెము నవ్వుచు, "బలి చక్రవర్తి ఎదుట సాక్షాత్తు విష్ణువే పొట్టివాడై చేయి చాచెను కదా. అంతటి స్వామికి లేని సిగ్గు నీకేమిరా?" అనిరి.

ఆ గట్టుమీదనే కూర్చొని తింటిని. మొదటిసారిగా తల ఎత్తి, పెట్టుచున్నవారి ముఖము చూచుచు తింటిని. ఆ ముఖమున కనబడిన కలిమి తక్కిన ఆరు మేడలలోను నేను గమనించి యుండలేదు. తప్పు ఆ మేడలది కాదు. అక్కడ నేను తల ఎత్తి చూడలేదు.

ఆ దినము మేమొక ఒప్పందము చేసికొంటిమి. ఆమె ఇద్దరికి సరిపడ వండవలెను. ఆమె తినుట నేను చూడవలెను. అప్పడముల పిండి నేను దంచెదనంటిని. "దంచుము. కాని గురువారము నాడు మాత్రము రోకలి ముట్టరాదు. కూలి చేసి తిన్నచో అది వారము కాదు" అనిరి. ఆ నాటి నుండి తక్కిన దినములలో బడి విడిచిన పిదప పిండి దంచెడివాడను. గురువారము రాత్రులు పోతన భాగవతము చదివి వినిపించెడివాడను. వామనచరిత్రము వచ్చినప్పుడెల్ల ఆమె నా వంక చూచి నవ్వెడివారు.

పుచ్చుకొనుట ఎట్లో కూడ ఆమెయే చూపిరి. ఒక పర్యాయము మా తండ్రిగారు లంక నుండి ఒక కందగడ్డయు, రెండు అరటికాయల అత్తములును తెచ్చి ఆమె కిచ్చిరి. "ఎందుకండీ ఇవన్నియు" అని ఆమె మొగమాట పడలేదు. రెండు చేతులతో అందుకొని కన్నులకు అద్దుకొనిరి. "మా పిల్లవాని ఇంటి కంద" అని ఇరుగుపొరుగులకు ముక్కలు కోసి పంచిరి. ఏడు వారముల కొరకు వీధివీధి తిరిగి తల వంచుకొన్న మా తండ్రిగారు ఆ దినము తల ఎత్తుకొని పడవ యెక్కిరి.

మామ్మగారు తరచుగా డొక్కా సీతమ్మగారి మాట చెప్పెడివారు. సీతమ్మగారు 1841 నుండి 1909 వరకు జీవించిన పుణ్యాత్మురాలు. గోదావరి పాయలు దాటి పోవు బాటసారులకు లంకల గన్నవరములో వేళకాని వేళను సైతము అన్నము పెట్టిన తల్లి. ఆమెను గూర్చి మా సీమలో ఒక కథ చెప్పుకొందురు. ఒకప్పుడామె అంతర్వేది స్వామిని దర్శింప బయలుదేరిరి. త్రోవలో ఒక చోట విశ్రమించియుండగా, ఆకలిగొన్న పిల్లలను వారి పెద్దలు, "ఇంకొంచెము దూరము ఓర్చుకొనుడు. గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురు" అని ఊరడించుచుండిరి. ఆ మాట విని ఆమె యాత్ర మాని, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేసిరట. ఆ బాటసారులు ఆమెను యాచింపలేదు, నమ్మిరి. ఆ నమ్మకమే వారు ఆమె కిచ్చిన కానుక. దేవుని దర్శనము కంటె ఆమె కది మిన్నయయ్యెను. నేడు గన్నవరము వద్ద వైనతేయ నదిపై కాలువను దాటించు అక్విడెక్టుకు ఆమె పేరు కలదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది.

మా కోనసీమ కాలువలను చూచినను ఈ విషయమే తోచును. ధవళేశ్వరము వద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన నాటి నుండి గోదావరి నీరు కాలువల వెంట వచ్చి మా పొలములను తడుపుచున్నది. కాలువ నిండుగా వచ్చినంత మాత్రమున చేను పండదు. రైతు తన చేని గట్టున మడవ తెరవవలెను. తెరచి తన చేను తడిసిన పిదప క్రింది చేనికి విడువవలెను. తెరవనివాని చేను ఎండును. విడువనివాని చేను కుళ్లును.

నేను పదవ తరగతి ముగించి, తెలుగు పండిత శిక్షణ పొంది, ఉపాధ్యాయుడనైతిని. మొదటి జీతముతో ఒక నేతచీర కొని అమలాపురము పోతిని. మామ్మగారు అప్పటికి ఆరు నెలల ముందే కాలము చేసిరి. ఆ గది గుమ్మములో చీర చేత పట్టుకొని చాలసేపు నిలిచియుంటిని. చిన్ననాడు నేను వ్రాసికొన్న లెక్క యంతయు ఆ గుమ్మములో వ్యర్థమైపోయెను. అప్పుడా గదిలో మరియొక వృద్ధురాలు అప్పడములు ఒత్తుచుండిరి. చీరను ఆమె చేతిలో పెట్టితిని. "ఎవరు బాబూ నీవు?" అని ఆమె అడిగిరి. "గురువారము పిల్లవాడను" అని చెప్పి వచ్చితిని.

చాల ఏండ్ల పిదప నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న ఒక పల్లెలో, పదవ తరగతి బాలుడొకడు పరీక్ష రుసుము చెల్లింపలేక బడి మానుటకు సిద్ధపడెను. వాని తండ్రి తాటిచెట్టు పైనుండి పడి మంచము పట్టియుండెను. రుసుము నేను కట్టెదనన్నచో వాడు ఒప్పుకొనలేదు. వాని వంచిన తలలో నన్ను నేను చూచుకొంటిని. వానిని కూర్చుండబెట్టి ఈ గురువారపు కథ చెప్పితిని. వాడు ఒప్పుకొనెను. కొన్ని దినములకు ఒక సంచినిండ తేగలు తెచ్చి నా బల్లపై పెట్టెను. "ఎందుకురా, తీసికొనిపొమ్ము" అనుటకు నోరు తెరచితిని. అంతలో కందగడ్డను కన్నుల కద్దుకొన్న మామ్మగారు జ్ఞప్తికి వచ్చిరి. రెండు చేతులతోను అందుకొంటిని. తోటి ఉపాధ్యాయులకు పంచుచు, "మా పిల్లవాడు తెచ్చినాడు" అంటిని. వాడు తల ఎత్తెను.

బాలబాలికలారా! కష్టపడగలిగియు ఒకరి సొత్తుకు ఆశపడుట పుచ్చుకొనుట కాదు. అది సోమరితనము. కాని అవసరము కలిగినప్పుడు ప్రేమతో చాచిన చేతిని త్రోసివేయుటయు గొప్పతనము కాదు. ఇచ్చువారి ముఖము చూచి, సంతోషముతో పుచ్చుకొనుడు. దానిని తిరిగి వారికే ఈయవలయునని లేదు. మీ తరువాత ఆకలితో వచ్చువారికిండు. నా చిన్ననాటి ఏడు దినములలో ఆరు దినములు నేను అన్నము తింటిని. గురువారము నాడు మాత్రము నాకు కడుపు నిండెను.