దాపటికి లాగిన బండి

ఎడ్లబండి తోలిన తరంవారికి దాపట, వలపట అనే మాటలను ఎవరూ నేర్పనవసరం లేదు. కాడికి ఎడమవైపున కట్టే ఎద్దు దాపటిది, కుడివైపున కట్టేది వలపటిది. పల్లె నాలుక మీద వలపట కాస్తా ఎలపట అయింది. జతలో ఒకటి బలిష్ఠమైనదై, రెండవది వెనుకంజ వేసేదయితే బండి బాటలో తిన్నగా నడవదు. నీరసమైన ఎద్దు వైపుకే మళ్ళుతూ ఉంటుంది. అనుభవం గల రైతు వెంటనే ములుగర్ర ఎత్తడు. ముందు దిగి ఇరుసు చూస్తాడు, చీలలు చూస్తాడు, కందెన ఉన్నదో లేదో చూస్తాడు. అప్పటికీ సంగతి అంతుచిక్కకపోతే ఎడ్లను వైపులు మార్చి కట్టి నాలుగడుగులు తోలుతాడు. అలవాటైన చోటు వదలడానికి పశువు కొంత మొరాయించినా, లోపం బండిదో ఎద్దుదో అంతటితో తేలిపోతుంది.

తెనాలి ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి తండ్రి చేసే ఈ పని 2023వ సంవత్సరంలో జ్ఞాపకం వచ్చింది. కొంచెం ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి.

ఆయన ముప్పయి నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించారు. ఉద్యోగకాలమంతా సైకిలు మీద, స్కూటరు మీద గడిపారు. భార్యకు మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేని స్థితి ఏర్పడిన తరువాతనే కారు ఆలోచన వచ్చింది. పదవీ విరమణ సొమ్ములో నుండి ఏడు లక్షల చిల్లర తీసి ఒక చిన్న కారు కొన్నారు. అరవై రెండవ ఏట డ్రైవింగు బడికి వెళ్ళి, తన మనుమల వయసు పిల్లల నడుమ కూర్చుని, లైసెన్సు సంపాదించారు. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండిని కదిలించిన రోజున ఆ ఇంట పండుగ వాతావరణమే నెలకొంది.

ఆ సంతోషం వారం నిలువలేదు. స్టీరింగు మీద పట్టు కొద్దిగా సడలితే చాలు, బండి మెల్లగా ఎడమకు జరుగుతున్నది. తిన్నగా పోవాలంటే చక్రాన్ని నిరంతరం కుడివైపుకు కొంచెం బిగించి పట్టుకోవలసి వస్తున్నది. డెల్టా ప్రాంతపు రోడ్లను చూసినవారికి ఇందులోని భయం వేరుగా చెప్పనక్కరలేదు. మైళ్ళ తరబడి రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది. వెళ్ళేటప్పుడు గాని, వచ్చేటప్పుడు గాని ఏదో ఒక ప్రయాణంలో ఆ కాలువ ఎడమచేతి వైపే ఉంటుంది.

“ఏమండీ, బండి అంచుకు పోతోంది” అని భార్య రెండుసార్లు హెచ్చరించారు. మూడవసారి ఏమీ అనలేదు. తలుపు పిడిని పట్టుకుని కూర్చున్నారు. ఆ మరుసటి వారం వైద్యం కోసం గుంటూరు వెళ్ళవలసి వచ్చినప్పుడు, “బస్సులోనే పోదామండీ, మెల్లగా ఎక్కుతాను” అన్నారు. మాస్టారిని అమితంగా నొప్పించిన మాట అదే.

కారు అమ్మిన విక్రయశాలకు వెళితే వారు మొదట టైర్లలో గాలి చూశారు. అది న్యాయమైన పద్ధతే. కర్మాగారం నుండి వచ్చిన బండ్లు నెలల కొద్దీ ఆవరణలో కదలకుండా నిలిచి ఉంటాయి కనుక, ఒకే చోట నొక్కుకుపోకుండా టైర్లలో గాలి ఎక్కువగా నింపి ఉంచడం ఉన్నది. కొన్నవారికి అప్పగించే ముందు దానిని తగ్గించి, నాలుగింటినీ నిర్ణీత ప్రమాణానికి తేవాలి. ఆ ప్రమాణమేదో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే కాగితం మీదనే అచ్చు వేసి ఉంటుంది. ముందుచక్రాలలో ఒకదానిలో గాలి తక్కువయితే బండి ఆ వైపుకే లాగుతుంది. ఈ కారులో రెండువైపులా కొద్ది తేడా కనిపించింది, సరిచేశారు. లాగడం మాత్రం పోలేదు.

రెండవసారి వెళ్ళినప్పుడు చక్రాల అలైన్‌మెంటు చేశారు. యంత్రం ఒక కాగితాన్ని అచ్చువేసి ఇచ్చింది. అందులోని అంకెలన్నీ పచ్చరంగులో ఉన్నాయి. పచ్చరంగు అంటే కొలతలు హద్దులలోనే ఉన్నాయని అర్థం. మాస్టారు ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి, పరీక్ష పత్రం దిద్దినంత శ్రద్ధగా చదివారు. అందులో ముఖ్యమైనవి మూడు కోణాలు. బండిని పైనుండి చూస్తే ముందుచక్రాల మునుముఖాలు లోపలికి గాని, వెలుపలికి గాని తిరిగి ఉండడం టో. అది తప్పితే టైర్లు త్వరగా అరుగుతాయి, స్టీరింగు వంకరగా నిలుస్తుంది. బండి ఒక పక్కకు లాగడానికి మాత్రం అది అంతగా కారణం కాదు. ఎదుట నిలబడి చూసినప్పుడు చక్రం నెత్తి లోపలికో బయటికో వాలి ఉండడం క్యాంబర్. ఏ వైపు చక్రం ఎక్కువగా బయటికి వాలితే బండి ఆ వైపుకు పోతుంది. ఇక క్యాస్టర్‌ను అర్థం చేసుకోవడానికి సైకిలును చూస్తే చాలు. దాని ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, వెనుకకు వాలి ఉంటుంది; తిన్నగా సాగే గుణం సైకిలుకు కొంతవరకు అందువల్లనే వచ్చింది. కారులో ఈ వాలు ఏ పక్క తక్కువగా ఉంటే బండి ఆ పక్కకు మొగ్గుతుంది. కాబట్టి ఒక్కొక్క అంకె హద్దులో ఉన్నంత మాత్రాన చాలదు. కుడి ఎడమల మధ్య భేదమెంతో చూడాలి. మాస్టారు అదీ చూశారు. పట్టించుకోవలసినంత భేదం లేదు.

మూడవసారి వెళ్ళినప్పుడు సలహాదారుడైన యువకుడు కొద్దిగా నవ్వి, “రోడ్డు వాలు సార్, ఏ బండి అయినా ఎడమకు పోతుంది” అన్నాడు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. వాన నీరు నిలువకుండా తారు రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. నూరు సెంటీమీటర్ల వెడల్పుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉంటుంది. మన దేశంలో ఎడమవైపున నడుపుతాము గనుక ఆ వాలు బండిని ఎడమకే దించుతుంది. (రోడ్డు వాలునూ క్యాంబర్ అనే అంటారు, ఒక్క మాట ఇద్దరికి పనిచేయడం వల్ల ఇటువంటి సంభాషణలలో కావలసినంత గందరగోళం పుడుతుంది.) యువకుడు అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “అయినా మీకు కొత్త కదా సార్, చేయి అలవాటవ్వాలి” అని కూడా అన్నాడు.

వయసు మీద పడిన తరువాత కొత్తగా ఏదైనా నేర్చినవారికి ఈ మాట ఎంత లోతుగా దిగుతుందో ఊహించవచ్చు. ఇంటికి వచ్చే దారిలో మాస్టారు బండిని గాక తన చేతులనే శంకించడం మొదలుపెట్టారు. ఎడమచేయి తెలియకుండా కిందికి లాగుతున్నదేమో, కంటిచూపులో ఏదైనా తేడా వచ్చిందేమో అనుకున్నారు. రెండు రోజులు కారు తీయలేదు. మూడవ రోజున కంటి వైద్యుని వద్దకు వెళ్ళి వచ్చారు. చూపులో దోషం లేదు.

ఆ తరువాతి ఆదివారం తెల్లవారుజామున మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని, వాహనసంచారం లేని ఒక తిన్నని పల్లెరోడ్డుకు వెళ్ళారు. మేనల్లుడు ఆ కొసన నిలబడి, ఎవరైనా వస్తే చేయి ఊపాలి. మాస్టారు బండిని రోడ్డుకు సరిగ్గా నడుమ నడిపారు. అక్కడ రెండు పక్కల వాలు ఒకదానినొకటి సరిపుచ్చుకుంటాయి. నలభై కిలోమీటర్ల వేగం అందుకోగానే, రెండు చేతులూ స్టీరింగు పక్కనే సిద్ధంగా ఉంచి, వేళ్ళు మాత్రం ఒక్క క్షణం వదులు చేశారు. గాలి వల్ల కలిగే పొరపాటు మిగలకుండా అటు అయిదుసార్లు, ఇటు అయిదుసార్లు నడిపారు. పదింట తొమ్మిదిసార్లు బండి తనకు ఎడమ అయిన వైపుకే పోయింది. ఆ లెక్కను నోటు పుస్తకంలో రాసుకుని, కింద గీత గీశారు. చేతుల మీద నమ్మకం ఆ గీత దగ్గరే తిరిగి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

మరునాడు మంగళగిరి దగ్గర జాతీయ రహదారి ఎక్కి విజయవాడ ఆటోనగర్ చేరారు. అక్కడ చక్రాల పని చేసే ఒక వృద్ధ సాయిబుగారి పేరు ఎవరో చెప్పారు. ఆయన కాగితం చూడలేదు. మొదట నాలుగు చక్రాల దగ్గర అరచేతిని దూరంగా ఉంచి వేడి గమనించారు. బ్రేకు ఏదైనా పట్టేసి ఉంటే ఆ చక్రం మిగిలినవాటికంటె వేడెక్కుతుంది. అన్నీ సమానంగానే ఉన్నాయి. టైరు పక్కభాగం మీద తిరిగే దిక్కును తెలిపే బాణం గుర్తు ఉన్నదేమో చూశారు. లేదు. “అయితే మార్చి చూద్దాం మాస్టారుగారూ” అని, ముందు కుడిచక్రాన్ని ఎడమకు, ఎడమచక్రాన్ని కుడికి మార్చి బిగించారు.

ఇద్దరూ కలిసి అదే దారిలో నడిపి చూశారు. ఈసారి బండి కుడికి లాగింది.

“టైరే. కాస్త శంకువు వాటం వచ్చింది” అన్నారు సాయిబుగారు. తాగి పక్కన పెట్టిన కాగితపు టీ కప్పును పడుకోబెట్టి బల్ల మీద దొర్లించారు. అది తిన్నగా పోక, సన్నని వైపుకు వంపు తిరుగుతూ గుండ్రంగా వచ్చి ఆగింది. టైరు తయారీలో లోపలి పొరలు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినా దాని ఒక అంచు చుట్టుకొలత రెండవ అంచు కంటె తక్కువవుతుంది. కంటికి కనిపించదు, అలైన్‌మెంటు యంత్రం దానిని కొలవదు. దొర్లితేనే బయటపడుతుంది. శంకువు దొర్లే తీరును ముప్పయి నాలుగేళ్ళు నల్లబల్ల మీద గీసిన మనిషి ఆ టీ కప్పు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఎడ్లను వైపులు మార్చి కట్టే తండ్రి అప్పుడు జ్ఞాపకం వచ్చారు. సాయిబుగారు రెండు వందలు పుచ్చుకుని, టీ డబ్బులు తానే ఇచ్చారు.

లోపం తెలిసినంత మాత్రాన కథ ముగియలేదు. “టైరు మాది కాదు సార్, టైరు కంపెనీకి రాయండి” అన్నారు విక్రయశాలవారు. టైర్లకు, బ్యాటరీకి వాటి తయారీదారులే వేరుగా హామీ ఇవ్వడం కారు వ్యాపారంలో వాడుక. అయితే కొన్నవాడు టైరును కొనలేదు, కారును కొన్నాడు. మాస్టారు ఒక ఉత్తరం రాశారు. వెళ్ళిన తేదీలు, అలైన్‌మెంటు కాగితం నకలు, పది పరుగుల లెక్క, చక్రాలు మార్చినప్పుడు లాగుడు దిక్కు మారిన సంగతి అన్నీ అందులో చేర్చారు. చివర ఒక్క వాక్యంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టాన్ని ప్రస్తావించారు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే జిల్లాలోనే కమిషన్ ముందు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయిదు లక్షలు దాటి పది లక్షల లోపు వెల గల వస్తువుకు రుసుము 200 రూపాయలు. ఉత్తరంలో నిందావాక్యం ఒక్కటి కూడా లేదు. దానిని రశీదుతో కూడిన రిజిస్టర్డు తపాలాలో పంపారు.

పన్నెండవ రోజున ఫోను వచ్చింది. టైరు కంపెనీ ప్రతినిధి వచ్చి చూశాడు. మరో మూడు వారాలకు కొత్త టైరు బిగించారు. ఆ రోజు సలహాదారుడైన యువకుడు తాళాలు ఇస్తూ, “నోటు పుస్తకంలో పరుగుల లెక్క రాశారట గదా సార్, మా మేనేజరు గారు అందరికీ చూపించారు” అన్నాడు. అతని గొంతులో హేళన లేదు.

భార్య ఆ సాయంత్రం ముందు సీటులో కూర్చున్నారు. కాలువగట్టు ఎక్కిన తరువాత కొంతదూరం ఏమీ మాట్లాడలేదు. తరువాత, “ఏమండీ, ఇప్పుడు కుడికి పోతోందేమిటి?” అన్నారు.

మాస్టారు చూసుకున్నారు. రెండు నెలలుగా కుడివైపుకు బిగించి పట్టడానికి అలవాటు పడిన చేతులు ఇంకా అలాగే పట్టి ఉన్నాయి. పట్టు కొంచెం వదులు చేశారు. బండి తిన్నగా సాగింది. ఆమె తలుపు పిడి మీది చేతిని తీసి ఒడిలో పెట్టుకున్నారు.